షరతులు వర్తిస్తాయి

1996 ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఎమ్మెస్సీ రెండో సంవత్సరం క్లాసులో నల్లబల్ల మీద ఒక వాక్యం రాశాను. 'రెండు కొలతల పదార్థంలో అయస్కాంతత్వం ఉండదు. మెర్మిన్, వాగ్నర్, 1966.' రాసి ఊరుకోలేదు, కింద రెండు గీతలు కూడా గీశాను. గీత గీస్తే పరీక్షకు ముఖ్యమని మా పిల్లలకు తెలుసు. అందరూ తలలు వంచి నోట్సులో ఎక్కించుకున్నారు.

మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. మాచర్ల వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. "సార్, పుస్తకంలో దానికి ముందు ఐసోట్రోపిక్ అని ఒక మాట ఉంది. అది కాకపోతే ఏమవుతుంది సార్?"

నేను చెప్పిన జవాబు ఇది: "అది పరీక్షలో రాదమ్మా. కూర్చో."

కూర్చుంది. సిలబస్ ముందుకు నడిచింది. ఆ జవాబు నన్ను మళ్లీ పట్టుకోవడానికి ఇరవయ్యొక్క ఏళ్లు పట్టింది. 2017 జూన్‌లో, నేను రిటైరై మూడేళ్లు గడిచాక, నేచర్ పత్రికలో రెండు పరిశోధన వ్యాసాలు వచ్చాయి. ఒకటి క్రోమియం ట్రైఅయోడైడ్ అనే పదార్థాన్ని ఒకే ఒక్క పొర మందానికి ఒలిచి, అది అయస్కాంతంగా నిలుస్తుందని చూపింది. రెండోది క్రోమియం, జెర్మేనియం, టెల్లూరియం కలిసిన మరో స్ఫటికాన్ని రెండు పొరల దాకా తగ్గించి అదే సంగతి చెప్పింది. రెండు కొలతల అయస్కాంతం ఉంది. నేను బల్ల మీద గీసిన రెండు గీతలూ తప్పు చోట పడ్డాయి. గీయాల్సింది 'ఐసోట్రోపిక్' కింద.

మెర్మిన్, వాగ్నర్ తప్పు చెప్పలేదు, అది ముందే అనుకుందాం. వాళ్ల థీరమ్ ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. తప్పు చెప్పింది నేను. పత్రికల్లో స్థలాల ప్రకటన కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి' అని ఉంటుంది చూడండి, ఆ వరసను నేను ముప్పై ఏళ్ల పాటు క్లాసులో చెరిపేస్తూ వచ్చాను. నేనొక్కణ్ణే కాదు. మన డిగ్రీ, పీజీ చదువులన్నీ ఇలాగే సాగుతున్నాయనీ, ఇది గైడు పుస్తకాల మీద నెట్టేసే చిన్న తప్పు కాదనీ నా ఫిర్యాదు.

ఆ షరతు ఎంత పెద్దదో తెలియాలంటే అయస్కాంతం సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న దాచిన బోర్న్‌విటా డబ్బాలో 1964 నాటి నెహ్రూ బొమ్మ రూపాయి బిళ్లలు కొన్ని ఉండేవి. అవి అచ్చమైన నికెల్. అలాంటి బిళ్లకు రాగి తీగ చుట్టి స్టాండుకు వేలాడదీసి, పక్కన పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతం పెడితే బిళ్ల అటు లాగినట్టు ఒరుగుతుంది. కింద బున్సెన్ బర్నర్ వెలిగించండి. కాసేపటికి బిళ్ల ఆ అయస్కాంతంతో తనకేమీ సంబంధం లేదన్నట్టు వెనక్కి వచ్చి నిలువుగా వేలాడుతుంది. మంట తీసేస్తే చల్లారి మళ్లీ అటే పోతుంది. నాణెం పాడవదు, నెహ్రూ గారికి ఏమీ కాదు. (ఇప్పటి రూపాయితో ప్రయత్నించకండి. అది స్టెయిన్‌లెస్ స్టీలు. అయస్కాంతానికి అంటుకుంటుంది గానీ దాన్ని విడిపించడానికి మన బర్నర్ వేడి చాలదు.)

నికెల్‌కు ఆ గీటు 358 డిగ్రీల సెల్సియస్. ఇనుముకు 770. పియరీ క్యూరీ 1895లో తన పరిశోధనలో ఈ సంగతిని శ్రద్ధగా కొలిచాడు కాబట్టి దాన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటాం. గడోలినియం అనే లోహానికి అది ఇంచుమించు 20 డిగ్రీలే. ఐసు నీళ్లలో అది అయస్కాంతానికి అంటుకుంటుంది, మే నెలలో మా రెంటచింతలలో పొద్దున్నే జారిపోతుంది.

లోపల జరిగేది ఇదీ. ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం, దాని దిశను స్పిన్ అంటాం. పక్క పక్క స్పిన్‌లు ఒకే వైపు చూడాలనుకుంటాయి. వేడి వాటిని కుదిపి చెదరగొడుతుంది. ఈ పోట్లాటలో వేడి గెలిచే గీటు సందిగ్ధ ఉష్ణోగ్రత, పైన చెప్పిన క్యూరీ ఉష్ణోగ్రతే అది. దాన్ని సమీపించేకొద్దీ అయస్కాంతత్వం ఏ తీరున తగ్గుతుందన్నదే నన్ను ఉద్యోగ జీవితమంతా పట్టి ఉంచిన ప్రశ్న. సందిగ్ధ ఉష్ణోగ్రత ఇంకా ఎంత దూరంలో ఉందో ఆ అంకెను ఒక ఘాతానికి ఎత్తితే అయస్కాంత బలం వస్తుంది. విచిత్రమేమిటంటే ఆ ఘాతం ఇనుముదా, నికెల్‌దా, ఇంకోటా అని చూడదు. పదార్థం ఎన్ని కొలతలది, స్పిన్‌కు ఎన్ని దిశల్లో తిరిగే స్వేచ్ఛ ఉంది, ఈ రెండే ప్రధానంగా చూస్తుంది. కులం, గోత్రం అడగదు.

ఈ కథలో షరతు మింగినవాళ్లలో నాకంటే పెద్దవాళ్లున్నారు. విల్‌హెల్మ్ లెంజ్ అనే జర్మన్ ప్రొఫెసర్ తన శిష్యుడు ఎర్నెస్ట్ ఈసింగ్‌కు ఒక లెక్క ఇచ్చాడు. స్పిన్ పైకైనా చూడాలి, కిందికైనా చూడాలి, మూడో దారి లేదు. అలాంటి స్పిన్‌లు బారుగా నిలబడితే అయస్కాంతం అవుతుందా? అవదని ఈసింగ్ లెక్కగట్టాడు, 1925లో ప్రచురించాడు. సరైన జవాబే. బారులో ఒక్కడు అటు తిరిగితే చాలు, వాడి తర్వాత వాళ్లందరూ అటే తిరిగిపోవచ్చు. కానీ అదే వాదనను మూడు కొలతలకూ సాగదీసి, అక్కడా అవదన్నాడు. అదే తప్పయింది. 1936లో పైయెర్ల్స్ రెండు కొలతల్లో అవుతుందని చూపాడు. చాపలో ఒక పుల్ల విరిగితే చుట్టూ ఉన్న పుల్లలు చాపను పట్టి ఉంచుతాయి, తాడులో అలా కాదు కదా. ఈసింగ్ యూదుడు కావడంతో హిట్లర్ రోజుల్లో జర్మనీ వదలాల్సి వచ్చింది. 1947లో అమెరికా చేరి, పియోరియా అనే ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. తన పేరుతో ఒక నమూనా ప్రపంచమంతా నడుస్తోందని ఆయనకు చాలా ఆలస్యంగా తెలిసింది. మాస్టర్లకు ఇలాంటివి జరుగుతుంటాయి.

1944లో లార్స్ ఆన్సాగర్ రెండు కొలతల ఈసింగ్ లెక్కను పూర్తిగా విప్పేశాడు. ఆ లెక్క పేజీలు చూస్తే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. అయస్కాంతత్వం తగ్గే సూత్రాన్ని ఆయన కొన్నేళ్ల తర్వాత ఒక సభలో నల్లబల్ల మీద ఊరికే రాసి, నిరూపణ చెప్పకుండా కూర్చున్నాడు. నిరూపించడానికి 1952లో సి.ఎన్. యాంగ్ రావాల్సి వచ్చింది. తేలిన ఘాతం ఎనిమిదిలో ఒక వంతు. అంటే ఏమిటో అంకెల్లో చూడండి. సందిగ్ధ ఉష్ణోగ్రతకు నూటికి ఒక పాలు దూరంలో ఉన్నామనుకుందాం. ముందుండే గుణకాన్ని పక్కన పెట్టి కేవలం ఘాతంతో లెక్కిస్తే, 1907 నాటి వైస్ సిద్ధాంతం ప్రకారం నూటికి పది పాళ్ల అయస్కాంతత్వం మిగులుతుంది. మూడు కొలతల ఈసింగ్‌లో సుమారు ఇరవై రెండు. రెండు కొలతల్లో యాభై ఆరు! పలచటి అయస్కాంతం చివరి మెట్టు దాకా బింకంగా నడిచి ఒక్కసారిగా కూలబడుతుంది. ఇది కాగితం మీది ముచ్చట అనుకోకండి. 1995లో జ్యూరిచ్ పరిశోధకులు టంగ్‌స్టన్ మీద పరమాణువంత పలచగా ఇనుము పరిచి కొలిస్తే, ఈ లెక్కతో సరిపోయే అంకెలే వచ్చాయి.

ఇది వినగానే చురుకైన విద్యార్థి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆన్సాగర్ 1944లోనే రెండు కొలతల అయస్కాంతాన్ని చూపిస్తే, 1966లో మెర్మిన్, వాగ్నర్ అది లేదని ఎలా అంటారు? ముప్పై ఏళ్లలో నన్నెవరూ అలా నిలదీయలేదు. ఇద్దరివీ వేర్వేరు పేపర్లు, వేర్వేరు యూనిట్లు. ఈసింగ్ మూడో యూనిట్‌లో, మెర్మిన్ ఐదో యూనిట్‌లో.

తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఐసోట్రోపిక్, మన పాఠ్యపుస్తకాల తెలుగులో సమదైశికం. స్పిన్‌కు అన్ని దిశలూ సమానమే అయితే అది ఎటైనా తిరగగలదు. ఈనిక దశలో ఉన్న వరి చేను మీద గాలి వీయడం తలుచుకోండి. ఏ దుబ్బూ పక్క దుబ్బుకు ఎదురు తిరగదు, దానికంటే రవ్వంత ఎక్కువ వంగుతుందంతే. కానీ ఆ రవ్వంతలు కలిసి కలిసి, ఈ గట్టు దగ్గర తూర్పుకు ఒరిగిన చేను ఆ గట్టు దగ్గరికి పోయేసరికి దక్షిణానికి ఒరిగి ఉంటుంది. అల ఎంత పొడుగైతే దాన్ని లేపడానికి అంత తక్కువ శక్తి చాలు. రెండు కొలతల పొరలో అలాంటి పొడుగాటి అలలు లెక్కకు మించి లేస్తాయి, సున్న కంటే ఏ కొంచెం వేడి ఉన్నా సరే. చేనంతా ఒకే వైపు చూడటమన్నది అసాధ్యం. మెర్మిన్, వాగ్నర్ నిరూపించింది ఇది.

ఇప్పుడు వరి బదులు టమాటా తోట తీసుకోండి. ప్రతి మొక్కకూ కర్ర పాతి కట్టారు. సన్న గాలికి మొక్క వంగదు, కర్రను కదిలించేంత గాలి రావాలి. స్ఫటికంలో పైకీ కిందికీ ఉన్న దిశ మిగతా దిశల కంటే కొంచెం సులువైతే చాలు, అది కర్ర పాతినట్టే. పొడుగాటి అలలు ఇక అంత సులువుగా లేవవు. అయస్కాంతం నిలుస్తుంది. కర్ర గట్టిదైతే అది ఈసింగ్ లెక్క, కర్రే లేకపోతే మెర్మిన్, వాగ్నర్ లెక్క. ఇద్దరి మధ్యా వైరం లేదు. మాచర్ల అమ్మాయి అడిగింది ఈ కర్ర గురించే.

2017 ప్రయోగం ఈ కర్ర ఎక్కడుందో కూడా చూపించింది. క్రోమియం ట్రైఅయోడైడ్ స్ఫటికం అట్టముక్కల దొంతరలా పొరలు పొరలుగా ఉంటుంది. 2004లో మాంచెస్టర్‌లో గ్రాఫీన్‌ను ఒలిచిన పద్ధతే దీనికీ, స్కాచ్ టేపు అంటించి పీకడం. కాకపోతే గ్రాఫీన్‌లా ఇది గట్టిపిండం కాదు. గాలి, తేమ తగిలితే నిమిషాల్లో కరిగిపోతుంది. అందుకని ఆక్సిజన్ లేని గ్లోవ్ బాక్సులో, రబ్బరు తొడుగుల్లోంచి చేతులు పెట్టి పని కానివ్వాలి. ఆ ముక్క మీద లేజర్ కాంతి వేసి, తిరిగొచ్చిన కాంతి కంపించే దిశ ఎంత మళ్లిందో కొలుస్తారు. అయస్కాంతం ఉంటే మళ్లుతుంది. సియాటిల్, ఎంఐటీ బృందాలు కలిసి చేసిన ఆ పనిలో ఒంటి పొర 45 కెల్విన్ దాకా అయస్కాంతంగా నిలిచింది. దొంతరగా ఉన్నప్పుడు 61. 45 కెల్విన్ అంటే సున్నకు దిగువన 228 డిగ్రీల సెల్సియస్. మన పశువుల ఆసుపత్రుల్లో వీర్యపు స్ట్రాలు దాచే ద్రవ నత్రజని క్యాను 77 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది, అది కూడా చాలదు.

ఇందులో అయస్కాంతం క్రోమియం, దాన్ని నిలబెట్టిన కర్ర మాత్రం ఎక్కువగా అయోడిన్‌ది. బరువైన అయోడిన్ పరమాణువులో ఎలక్ట్రాన్ తిరిగే దారికీ దాని స్పిన్‌కూ గట్టి ముడి ఉంటుంది. క్రోమియం స్పిన్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఆ అయోడిన్ ద్వారానే కాబట్టి నిలువు దిశ వాటికి అలవాటవుతుంది. మన ఇంట్లో గాయానికి రాసే టింక్చర్‌లోని అయోడినే ఇది. అయోడిన్ తీసి క్లోరిన్ పెట్టండి. క్రోమియం అదే, కానీ స్పిన్‌లు పొర మీద పడుకుంటాయి. అప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. పొరలో పడుకున్న స్పిన్‌లు సుడులు కడతాయి, కృష్ణ వరదలో చూసినట్టే, ఒకటి కుడికి తిరిగితే దాని జంట ఎడమకు. చల్లగా ఉన్నంతసేపు జంటలు కలిసే ఉంటాయి, వేడెక్కితే విడిపోతాయి. రష్యాలో బెరెజిన్‌స్కీ, ఇంగ్లండ్‌లో కోస్టర్లిట్జ్, థౌలెస్ 1970ల మొదట్లో కనిపెట్టిన సంగతి ఇది. బెరెజిన్‌స్కీ 1980లో చనిపోయాడు. మిగిలిన ఇద్దరికీ హాల్డేన్‌తో కలిపి 2016లో నోబెల్ వచ్చింది. 2021లో ఒంటి పొర క్రోమియం ట్రైక్లోరైడ్‌లో కొలిచిన ఘాతం, ఇలా పడుకున్న స్పిన్‌ల లెక్కకు దగ్గరగానే వచ్చింది.

ఇంకో షరతు కూడా ఉంది, దాన్ని నేను కూడా ఆలస్యంగానే గమనించాను. మెర్మిన్, వాగ్నర్ థీరమ్ అంతులేని పొర గురించి మాట్లాడుతుంది. ప్రయోగశాలలో ఏ ముక్కకైనా అంచు ఉంటుంది. క్రమం చెదరాలంటే అల పొడుగ్గా సాగాలి, ముక్క చిన్నదైతే సాగడానికి చోటేది?

షరతులు కూడా చెప్పాలని మా పాత స్టాఫ్ రూములో అన్నప్పుడు ఒక మిత్రుడు వెంటనే అందుకున్నాడు. "మాస్టారూ, న్యూటన్ రెండో నియమమే సరిగా రాయలేని పిల్లలకు షరతులు కూడానా?" ఆయన మాటలో నిజం ఉంది, నేనూ ఆ పేపర్లు దిద్దినవాణ్ణే. కానీ రెండో నియమాన్ని సరిగా రాయలేకపోవడానికి కారణం కూడా ఇదేనని నాకు అనిపిస్తుంది. ద్రవ్యరాశి మారనప్పుడు అన్న ముక్క తీసేసి చెబితే, మిగిలింది మంత్రం. మంత్రంలో ఒక అక్షరం జారినా పిల్లలకు తెలియదు, ఎందుకంటే అది ఎక్కడ పని చేయదో వాళ్లకు ఎవరూ చూపలేదు. ఓమ్ నియమం ఏ తీగలో చెల్లదు? బాయిల్ నియమం ఏ వాయువు దగ్గర తడబడుతుంది? ఇవి అడిగితే పిల్లవాడు ఆలోచించాలి, దిద్దే మాస్టరు కూడా ఆలోచించాలి. రెండోదే అసలు చిక్కు. ఒక రోజులో అన్నేసి పేపర్లు దిద్దాల్సినప్పుడు 'కీ'లో ఉన్న వాక్యంతో సరిచూసుకోవడమే సుఖం. నేనూ ఆ సుఖం అనుభవించాను.

మా కాలేజీ లైబ్రరీలో సూరి భగవంతం గారి పుస్తకం ఒకటి ఉండేది. కృష్ణా జిల్లాలో పుట్టి, 1928లో కలకత్తాలో రామన్ దగ్గర పని చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం నిలబెట్టినవారిలో ఒకరైన భగవంతం గారే. స్ఫటిక సౌష్ఠవం పదార్థ ధర్మాలను ఎలా నిర్ణయిస్తుందన్నది ఆ పుస్తకం విషయం. ప్రచురణ సంవత్సరం 1966, మెర్మిన్, వాగ్నర్ వ్యాసం వచ్చిన ఏడాదే. స్ఫటికానికి అన్ని దిశలూ ఒకటి కావని చెప్పే పుస్తకం బీరువాలో, అన్ని దిశలూ ఒకటైతేనే చెల్లే థీరమ్ నల్లబల్ల మీద. మధ్యలో నేను. రెంటినీ కలపలేదు. 2016లో దక్షిణ కొరియాలో ఇనుము, ఫాస్ఫరస్, గంధకం కలిసిన ఒంటి పొరలో, ఎదురెదురుగా నిలిచే స్పిన్‌ల క్రమాన్ని పట్టుకున్నది, భగవంతం గారు ఎవరి దగ్గర పని చేశారో ఆ రామన్ పేరిట ఉన్న రామన్ ఫలితంతోనే. దానికి 118 కెల్విన్, మన పశువుల ఆసుపత్రి క్యానుకు అందే చలి. అలాంటి కొలతకు మన రాష్ట్రాల్లో పరికరాలు లేవనడం అబద్ధం. అడిగే అలవాటు లేదు.

రేపోమాపో ఈ అయస్కాంతాలు మన ఫోన్లలోకి వస్తాయని కొందరు రాస్తున్నారు. గది వేడిలో అయస్కాంతంగా ఉండే పొరల స్ఫటికాలు 2022 నుంచి చేతికొచ్చాయి, ఇనుము, గాలియం, టెల్లూరియంతో చేసినవి. అది సంతోషమే. కానీ గాలి తగలకుండా కాపాడటం, పెద్ద విస్తీర్ణంలో పెంచడం లాంటి షరతులు ఆ వార్తల్లో కనిపించవు. పాత రోగమే.

విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునేవారికి నాదొక్కటే విన్నపం. కొత్త సిలబస్ అక్కరలేదు. ఉన్న ప్రతి పేపర్‌లో ఒక్క ప్రశ్న తప్పనిసరి చేయండి: 'పై సూత్రం ఏ పరిస్థితిలో చెల్లదు? ఒక ఉదాహరణతో రాయండి.' పది మార్కులు ఇవ్వండి. గైడు పుస్తకాలు దానికీ జవాబులు అచ్చేస్తాయి, తెలుసు. వేయనీయండి, కనీసం షరతైనా అచ్చవుతుంది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక గురుకుల పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతోంది. పోయిన ఏడాది ఒక పెళ్లిలో కనిపిస్తే 1996 నాటి ప్రశ్నకు జవాబు చెప్పాను. "గుర్తు లేదు సార్" అంది నవ్వి. తర్వాత కర్ర గురించి రెండు ప్రశ్నలు అడిగింది. వాటిలో ఒకదానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. డబ్బాలోంచి ఒక నికెల్ రూపాయి ఆమె పాఠశాలకు పంపాను. ఇంకా తొమ్మిదున్నాయి. ల్యాబులో వేలాడదీస్తామని ఏ ప్రభుత్వ కళాశాల మాస్టారు అడిగినా ఒకటి ఇస్తాను. రాగి తీగ మాత్రం మీరే తెచ్చుకోవాలి.